పాత సామానుతో పిల్లల బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో మా ఇంటి వసారాలో ప్రతి ఆదివారం పది పన్నెండు మంది పిల్లలతో కూర్చుంటాను. అట్టపెట్టెలు, సీసా మూతలు, అరిగిన చెప్పులు, గుడ్డపేలికలు, ఇవే మా సామాను. పిల్లలను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒక్కచోట రాస్తున్నా.

అపోహ: బాగా కడిగితే ఏ డబ్బా అయినా పిల్లలకు ఇవ్వొచ్చు.

వాస్తవం: ఇవ్వకూడదు. మనవి పత్తి పండే ఊళ్లు. చేను గట్టు మీదో కొట్టం మూలనో పురుగుమందు డబ్బా ఒకటైనా పడి ఉంటుంది. ప్లాస్టిక్ మందంగా, మూత బిగుతుగా ఉండేసరికి దీంతో ఏదైనా చేద్దామనిపిస్తుంది. పోయిన ఏడు ఒక పిల్లవాడు దేవరకొండ వైపు వాళ్ల తాత ఊరి నుంచి అలాంటిదే తెచ్చాడు, సబ్బు పెట్టి రెండుసార్లు కడిగామని వాళ్లమ్మ చెప్పింది, కానీ మూత తిప్పగానే ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. మందు ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది, మూత మరల్లో దాక్కుంటుంది. లేబుల్ మీద డైమండ్ ఆకారం గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చే కదా పర్వాలేదు అనుకునేవాళ్లు ఉన్నారు, దయచేసి అనుకోకండి, అదీ మందే. అలాంటి డబ్బాకు పెద్దవాళ్లే గ్లౌజులు వేసుకుని బొక్కలు కొట్టి, ఎవరూ మళ్లీ వాడకుండా చేయాలి. ఫినాయిల్, యాసిడ్ సీసాలూ అంతే.

అటక మీద ఎప్పటివో పెయింట్ డబ్బాలు కూడా వద్దు. ఇంటి రంగుల్లో సీసం (విషపు లోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు డబ్బాల్లో ఎక్కువే ఉండొచ్చు.

అపోహ: ఇది ఫోన్లో చూసి నేర్చుకునే కొత్త పని.

వాస్తవం: మీ నాయనమ్మను అడగండి. చాటకు సందులు పడితే పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జు పూసి ఎండబెట్టేవాళ్లు. పాత చీరలు బొంతలయ్యేవి. చేర్యాల కళాకారులు చేసే బొమ్మ ముఖాలకు (మాస్కులకు) కూడా రంపపు పొట్టు, చింతగింజల జిగురే ఆధారం. మా అమ్మది పాలమూరు వైపు. జొన్న సొప్పను చీరి, లోపలి బెండుతో ఎడ్లబండి చేసేది, పైనుంచి వచ్చిన సన్నని చీలికలే దానికి మేకులు. గమ్ము లేదు, కొన్నది ఒక్కటి లేదు. ఒక ఆదివారం ఆమె వచ్చి చేసి చూపిస్తే పిల్లలు నీళ్లు తాగడానికి కూడా లేవలేదు.

అపోహ: గమ్ము మంచిదైతే ఏదైనా అతుకుతుంది.

వాస్తవం: తెల్ల గమ్ము అందులోని నీళ్లు ఆరితేనే పట్టుకుంటుంది. కాగితం, అట్ట, గుడ్డ, కట్టె ఆ నీళ్లను పీలుస్తాయి, నున్నటి ప్లాస్టిక్ సీసా పీల్చదు. అందుకే సీసాను దారంతో కట్టండి. చిటికెలో అతికే క్విక్ గమ్ము పిల్లల చేతికి అసలే వద్దు, నూలు గుడ్డ మీద పడితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. మాకు మైదా లయి చాలు, కప్పు మైదాకు నాలుగు కప్పుల నీళ్లు పోసి సన్న మంట మీద చిక్కబడేదాకా కలపడమే. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, మీరు కలపకండి. ఏ రోజు లయి ఆ రోజే చేసుకోండి.

అపోహ: ప్రాజెక్టు అంటే థర్మాకోల్ ఉండాల్సిందే.

వాస్తవం: అలంకరణ థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అట్టపెట్టె పొరలు మూడు అతికిస్తే అంతకంటే గట్టిగా ఉంటుంది.

అపోహ: బొమ్మలు చేస్తే చెత్త తగ్గినట్టే.

వాస్తవం: శుభ్రమైన అట్టను పాత సామాన్లవాళ్లు కిలో లెక్కన కొంటారు. దాని నిండా గమ్ము పూసి మెరుపుపొడి చల్లితే ఎవరూ తీసుకోరు, చివరికి మునిసిపాలిటీ బండిలోకే పోతుంది. పైగా ఆ మెరుపుపొడి మనం డబ్బులు పెట్టి కొన్న ప్లాస్టిక్. అందుకే మా దగ్గర కట్టడం, గుచ్చడం, మడవడం ఎక్కువ, అతికించడం తక్కువ. విప్పితే మళ్లీ వాడుకోవచ్చు.

అపోహ: పెద్దవాళ్లు చెయ్యి పెట్టకపోతే బాగా రాదు.

వాస్తవం: మేకుతో మూతలకు బొక్కలు కొట్టడం, కత్తితో కోయడం మన పని. మిగతాది వాళ్లకు వదిలేయండి. ఏడేళ్ల బాబు ఒకడు అగ్గిపెట్టెకు నాలుగు సీసా మూతలు పెట్టి బండి చేశాడు, చీపురు పుల్లే ఇరుసు. నెట్టాడు, కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాడు, జారింది గాని చక్రాలు తిరగలేదు. వాళ్ల నాన్న చెయ్యి చాచబోతే నేనే ఆపాను. బాబు బండిని తిరగేసి పట్టుకుని చాలాసేపు చూశాడు, పుల్లను పెట్టెకే అతికించేశానని వాడికే తట్టింది. ఊడబీకి, పాత పెన్ను గొట్టాన్ని రెండు ముక్కలు కోసిమ్మని నన్ను అడిగాడు, ముక్కలను పెట్టెకు కట్టి పుల్లను లోపల వదులుగా దూర్చాడు. బండి వంకరగానే ఉంది. గడప దాటి, వసారా మెట్లు దొర్లి వాకిట్లోకి పోయింది, ఒక చక్రం ఊడితే వాడే పరుగెత్తి వెతికి తెచ్చుకున్నాడు.