బోర్న్‌వీటా డబ్బాలో కందిపప్పు

చిరంజీవులు చిన్నుకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పాత క్రికెట్ కబుర్లు చెబుతూ, 1961లో కాన్పూర్‌లో ఇంగ్లండ్‌తో ఆడిన మన జట్టుకి నారీ కాంట్రాక్టర్ కెప్టెన్ అనీ, ఫరూఖ్ ఇంజినీర్‌కి అదే మొదటి టెస్టు అనీ అన్నాను. చిన్ను వెంటనే, "తాతయ్యా, వాళ్లు ఆడటానికొచ్చారా, స్టేడియం కట్టడానికొచ్చారా?" అన్నాడు. ఆ పూట నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఇంకో తమాషా ఉందిరా. ఆ ఇంజినీర్ గారి నాన్న డాక్టరు!

మీ నానమ్మ వంటింట్లో రెండో అరలో బోర్న్‌వీటా డబ్బా ఉంది కదా. మూత తీస్తే కందిపప్పు. అందులో బోర్న్‌వీటా అయిపోయేనాటికి మీ నాన్నకి మీసాలు కూడా రాలేదు. అయినా నానమ్మ ఇప్పటికీ "ఆ బోర్న్‌వీటా డబ్బా ఇలా అందుకోండి" అంటుంది, నేను పప్పు అందిస్తాను. ఆ కాంట్రాక్టర్, ఇంజినీర్ ఇద్దరూ పార్శీలు, అవి వాళ్ల ఇంటిపేర్లు. పార్శీల ఇంటిపేర్లలో చాలా వాటిది ఇదే కథ.

పార్శీలు వెయ్యేళ్లకు పూర్వమే ఇరాన్ నుంచి ఓడల్లో వచ్చి గుజరాత్ తీరాన సంజాన్‌లో దిగినవాళ్లు. మనలా ముందు ఇంటిపేరు, తరవాత అసలు పేరు అనే పద్ధతి వాళ్లకి లేదు. తన పేరు, పక్కన తండ్రి పేరు, అంతే. జంషెడ్జీ నస్సర్వాన్జీ అంటే నస్సర్వాన్జీ గారబ్బాయి జంషెడ్జీ. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దానితో గడిచిపోయింది. బొంబాయి చేరి ఇంగ్లీషువాళ్ల ఆఫీసులతో పని పడ్డాక చిక్కొచ్చింది. ఒకే వీధిలో నలుగురు రుస్తుంజీలుంటే లెక్కల పుస్తకంలో ఎవరినని రాస్తారు? చేసే పనే పక్కన తగిలించారు. సీసాలమ్మితే బాట్లీవాలా, సారా అమ్మితే దారూవాలా. రెండు భాషల మధ్య మాట నడిపితే దుబాష్, అంటే మన దుబాసీయే. ఇంగ్లీషు చదువులొచ్చాక డాక్టర్, ఇంజినీర్, మర్చంట్ కూడా వచ్చి చేరాయి. మనకిలాగే ఊరిని బట్టి వచ్చినవీ ఉన్నాయి. భరూచా వాళ్లది భరూచ్.

కొన్ని డబ్బాల్లో సరుకు తరాల తరబడి మారలేదు. వాడియా అంటే ఓడలు కట్టేవాడు. లవ్జీ నస్సర్వాన్జీ వాడియా 1736లో సూరత్ నుంచి బొంబాయి వచ్చాడు. ఆయనా, ఆయన తరవాతివాళ్లూ టేకుతో ఓడలు కడుతూనే ఉన్నారు. 1817లో వాళ్లు కట్టిన ట్రింకోమలీ అనే ఓడ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ రేవులో ఇవాళ్టికీ నీటి మీద తేలుతోంది. ఇప్పుడు వాడియాలు ఓడలు కట్టటం లేదులే. మీరు తినే బ్రిటానియా బిస్కెట్లు వాళ్ల సంస్థవే. చూశారా, చివరికి డబ్బాలోకి నిజంగానే బిస్కెట్లొచ్చాయి!

రెడీమనీ అని ఇంకో ఇంటిపేరు. అవసరానికి రొక్కం సిద్ధంగా ఉంచి అప్పులిచ్చేవాళ్లు కాబట్టి ఆ పేరు. ఆ ఇంటివాడైన కావస్జీ జహంగీర్ 1869లో లండన్ రీజెంట్స్ పార్కులో దారినపోయేవాళ్లకి మంచినీళ్ల ఫౌంటెన్ కట్టించాడు. పేరులో డబ్బు, చేతిలో నీళ్లు. ఇక్కడ నా డబ్బా పోలిక సరిపోదేమో. పోనీలెండి.

సీసాలంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు మా ఊళ్లో ఇద్దరు సూరయ్యలుండేవాళ్లు. ఒకాయన వడ్రంగి, ఇంకొకాయన గోళీసోడా బండి తోసేవాడు. ఆ కీచుమనే చప్పుడు వినిపిస్తే చాలు, లెక్కలు గాలికొదిలేసి పరిగెత్తేవాళ్లం. సోడా సూరయ్య కొడుకు నా పక్కనే కూర్చునేవాడు. వాణ్ణి "ఒరేయ్ సోడా" అని ఏడిపించేవాళ్లం. ఓరోజు వాడు నా పలక విరగ్గొట్టాడు. తప్పు నాదే గానీ ఇంట్లో ఆ మాట చెప్పలేదు. తరవాత వాడు తహసీల్దారయ్యాడు. వాళ్లమ్మాయి పెళ్లి శుభలేఖ వస్తే, మా అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి "మన సోడావాళ్లింట్లో పెళ్లిరా" అంది. అప్పటికి బండి పోయి ముప్పై ఏళ్లు.

చేసే పనిని బట్టి ఎవర్నీ వెక్కిరించకండర్రా. మేం ఏడిపించడానికి వాడిన మాటలాంటిదాన్నే పార్శీలు గుమ్మం మీద బోర్డుగా రాయించుకున్నారు. మనవడు జడ్జీ అయినా దారూవాలా దారూవాలాయే. ఆ ఇంట్లో సారా వాసన ఎరిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. పేరుకి మాత్రం గుర్తుంది. నాకు ఇదే ఎప్పటికీ వింతగా ఉంటుంది.

ఈసారి నాన్నతో సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్లు అమ్మే చోటికి వెళ్తే బోర్డు పైకి చూడండి. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉంటుంది. చెనాయ్ పార్శీల ఇంటిపేరే. ఆ పేరుగల వాళ్ల పూర్వీకులు ఏ దేశంతో వ్యాపారం చేసి ఉంటారో, రెండుమూడుసార్లు పైకి పలికి చూసి నాకు ఉత్తరం రాయండి. ఫోన్లో చెబితే ఒప్పుకోను.

ఇట్లు,
మీ తాతయ్య