వెలగకుండా ఉండటమే కష్టం

ప్రియమైన పిల్లలూ,

బతికున్న కణం లోపల ఏం జరుగుతోందో దాన్ని చంపకుండా ఎలా చూస్తారని మొన్న అడిగారుగా. లోపలికి ఒక వేగును పంపుతాం. దాని పేరు ఫ్లోరసెంట్ ప్రోబ్. మనం వేసిన కాంతిని మింగి, వేరే రంగు కాంతిని బయటికి వదిలే అణువు అది.

వెలిగే రంగులకేం, బోలెడున్నాయి. వెతుకుతున్నది చేతికి చిక్కేదాకా వెలగకుండా కూర్చోవాలి, అదీ పేచీ.

కాల్షియం సంగతే చూడండి. కణం బయట ఉన్నదాంట్లో సుమారు పదివేలో వంతే లోపల ఉంటుంది. పక్కనే మెగ్నీషియం దానికి వేల రెట్లు! 1980లో రోజర్ చెన్ అనే ఆయన బాప్టా అనే అణువును తయారుచేశాడు. అది పట్టకారులా కాల్షియాన్ని ఒడిసిపడుతుంది. మెగ్నీషియం మరీ చిన్నది కాబట్టి అందులో సరిగా ఇమడదు. ఆ పట్టకారుకు రంగును అతికిస్తే ప్రోబ్ అయింది. పట్టకారు ఖాళీగా ఉన్నంతసేపూ అందులోని ఎలక్ట్రాన్ ఒకటి అడ్డొచ్చి రంగును వెలగనివ్వదు. కాల్షియం వచ్చి కూర్చుందా, ఆ అడ్డు తొలగి రంగు భగ్గుమంటుంది. 1989లో వచ్చిన ఫ్లూవో-3 ఇలాంటిదే.

మరి లోపలికి వెళ్లేదెలా? పట్టకారు నిండా రుణావేశాలు, కణం పొరేమో నూనె లాంటిది. రానివ్వదు. 1981లో చెన్ చేసిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆవేశాలున్న చోటల్లా చిన్న టోపీలు తొడిగాడు. అణువు పొర దాటి జారిపోయింది. లోపలున్న ఎంజైములు వాటి అలవాటు కొద్దీ టోపీలు కత్తిరించేశాయి. ఆవేశాలు మళ్లీ బయటపడ్డాయి, ఇక వెనక్కి రాలేదు. కణం తన తలుపు తానే గడియ వేసుకున్నట్టన్నమాట.

ఇంకో చిక్కుంది. ఒకచోట వెలుగు ఎక్కువుంటే అక్కడ కాల్షియం ఎక్కువో, రంగే ఎక్కువ చేరిందో తెలియదు. 1985 నాటి ఫ్యూరా-2 దీనికి విరుగుడు. 340 నానోమీటర్ల కాంతితో ఒకసారి, 380తో ఒకసారి చూస్తాం. కాల్షియం పెరిగితే మొదటిదానికి వెలుగు పెరిగి, రెండోదానికి తగ్గుతుంది. రెంటినీ భాగిస్తే రంగెంతుందన్న గొడవే ఉండదు.

కుర్రతనంలో నేనొకసారి కణాల్ని ప్రోబ్‌తో 37 డిగ్రీల దగ్గర చాలాసేపు వదిలేశాను. లోపల మిలమిలలాడే చుక్కలు! చీకటి గదిలోకి అందర్నీ పిలిచి చూపించాను. తీరా చూస్తే రంగు కణంలోని చిన్న చిన్న సంచుల్లోకి చేరి కూర్చుందంతే. మర్నాడు వేడీ, సమయమూ తగ్గించి చేశాను. చుక్కలు మాయం. ముందురోజు పిలిచినవాళ్లని మళ్లీ పిలవలేదులెండి.

మీ
తాతయ్య