కుర్దుల పేరు లేని సంధి

టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియాల్లో చెల్లాచెదురుగా ఉన్న జాతి కుర్దులు. వాళ్ల కోసం టర్కీపై ఆయుధాలు పట్టిన కుర్దిస్థాన్ వర్కర్స్ పార్టీ (పీకేకే) తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు 2025 మే 12న ప్రకటించింది. ఆ ప్రకటనలో రెండు పాత పత్రాల ప్రస్తావన ఉంది. ఒకటి నేటి టర్కీకి గుర్తింపునిచ్చిన 1923 నాటి లొసాన్ సంధి, రెండోది 1924 నాటి టర్కీ రాజ్యాంగం. జులైలో ఇరాక్‌లోని సులైమానియా దగ్గర కొందరు గెరిల్లాలు తమ తుపాకులను మంటల్లో వేశారు. ఆగస్టులో టర్కీ పార్లమెంటు ఓ కమిషన్ వేసింది. 1984లో మొదలై నలభై వేల మందికి పైగా ప్రాణాలు తీసిన పోరుకు ముగింపు పలుకుతూ, వందేళ్ల కిందటి కాగితాల మాట ఎందుకు ఎత్తినట్టు?

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీని ఏలిన ఒట్టోమన్ల ఓటమి, జాతులకు స్వయంపాలన మాటెత్తిన అమెరికా అధ్యక్షుడు విల్సన్ 14 సూత్రాలు తెలిసినవే. కుర్దుల కథను చాలామంది గెలిచిన దేశాలు ఒట్టోమన్లతో చేసుకున్న 1920 ఆగస్టు 10 నాటి సెవ్ర్ సంధితో మొదలుపెడతారు. అందులోని 62వ అధికరణం కుర్దు ప్రాంతాలకు స్వయంపాలన ఇవ్వాలంది. స్వాతంత్ర్యం కావాలని అక్కడి జనంలో ఎక్కువమంది ఏడాదిలోగా అడిగితే, నానాజాతి సమితి సరేనంటే అదీ ఇవ్వాలని 64వ అధికరణం చెప్పింది. అగ్రరాజ్యాలు మాట తప్పాయన్నది ఇక్కడి నుంచి పుట్టిన వాదన. కానీ ఆ మాటకు ఎన్నో షరతులున్నాయి, దాన్ని నిలబెట్టేందుకు సైన్యాన్ని పంపే ఉద్దేశం ఎవరికీ లేదు. కుర్దులను అసలు దెబ్బతీసింది అంకారా నుంచి, అంటే ముస్తఫా కెమాల్ నడిపిన టర్కీ జాతీయవాద ప్రభుత్వం నుంచి వచ్చిన హామీ.

1919 మేలో సంసున్‌లో దిగిన ముస్తఫా కెమాల్‌కు (తర్వాతి అతాతుర్క్) విదేశీ సైన్యాలతో పోరాడేందుకు తూర్పున కుర్దు తెగల నాయకుల మద్దతు అవసరమైంది. వాళ్లలో చాలామంది ఇచ్చారు కూడా. ముస్లింల మతాధిపతి ఖలీఫా మీద భక్తి ఒక కారణం, తమ నేల అర్మేనియా రాజ్యంలో కలిసిపోతుందన్న భయం ఇంకో కారణం. పారిస్‌లో కుర్దుల తరఫున మాట్లాడుతున్న షరీఫ్ పాషా అర్మేనియన్ ప్రతినిధితో ఒప్పందం చేసుకుంటే, కుర్దు పెద్దలే ఆయన మీద మండిపడ్డారు, చివరికి ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి కుర్దు జాతీయవాదం ఎక్కువగా ఇస్తాంబుల్ చదువరుల వ్యవహారమే. కోచ్‌గిరి అనే ప్రాంతంలో కుర్దుల తిరుగుబాటు లేచింది గానీ 1921లో దాన్ని అణచేశారు.

అంకారా ప్రభుత్వం 1921లో చేసుకున్న రాజ్యాంగం రాష్ట్రాలకు స్వయంపాలన ఇచ్చింది. కుర్దులు ఎక్కువగా ఉన్నచోట వాళ్లే పాలించుకుంటారని 1923 జనవరిలో ఇజ్మిత్‌లో విలేకరులతో కెమాలే అన్నారు. అదే సమయంలో లొసాన్‌ చర్చల్లో అంకారా ప్రతినిధి ఇస్మెత్ పాషా ఇంకో అడుగు ముందుకేశారు. తమది తుర్కులు, కుర్దుల ఉమ్మడి ప్రభుత్వమని, కుర్దులు మైనారిటీ కాదని వాదించారు. బ్రిటన్ తరఫున విదేశాంగ మంత్రి కర్జన్ దాన్ని ఖండించారు. అయితే ఆయనకు కావాల్సింది చమురున్న మోసుల్ ప్రాంతం, కుర్దుల మీద ప్రేమేమీ కాదు.

1923 జులై 24న లొసాన్ సంధి మీద సంతకాలయ్యాయి. మైనారిటీల రక్షణ ముస్లిమేతరులకే పరిమితమైంది. కుర్దుల పేరు ఎక్కడా లేదు. యుద్ధంలో భాగస్వాములన్నారు కాబట్టి మైనారిటీ హక్కులు రాలేదు. శాంతి వచ్చాక ఆ భాగస్వామ్యమూ మిగల్లేదు. 1924 మార్చి 3న ఖలీఫా పదవి రద్దయింది, రెండు జాతులను కలిపిన బంధం దాంతో తెగింది. కొత్త రాజ్యాంగం రాష్ట్రాల స్వయంపాలనను పక్కనపెట్టి, పౌరులందరినీ తుర్కులుగా లెక్కకట్టింది. 1925 ఫిబ్రవరిలో కుర్దు మతపెద్ద షేక్ సయీద్ తిరగబడ్డారు, జూన్‌లో దియార్‌బకిర్‌లో ఆయన్ను ఉరితీశారు. మోసుల్ ఇరాక్‌కు పోయింది. 1926లో టర్కీ అక్కడి చమురు రాయల్టీలో 25 ఏళ్లపాటు పది శాతం వాటాకు ఒప్పుకుంది.

(మన దగ్గర ఖిలాఫత్ ఉద్యమం సెవ్ర్ సంధిని తిట్టిపోసింది. కెమాల్ మనకు హీరో అయ్యారు, కుర్దులు కనపడనే లేదు.)

సెవ్ర్ తమ దేశాన్ని ముక్కలు చేయబోయిందని, లొసాన్ దాన్ని కాపాడిందని, చట్టం ముందు పౌరులంతా సమానమేనని టర్కీ ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ఇజ్మీర్‌లో గ్రీకు సైన్యాన్ని చూసిన తరానికి ఆ భయం నిజమే.

సరిహద్దుకు అవతలి కుర్దుల చరిత్ర వేరే దారిలో నడిచింది. 1946లో ఇరాన్‌లో పుట్టిన మహాబాద్ రిపబ్లిక్ ఏడాది కూడా నిలవలేదు. ఇరాకీ కుర్దిస్థాన్‌లో 2017 రెఫరెండంలో 92 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేసినా, నెల తిరక్కుండానే చమురు నగరం కిర్కుక్ ఇరాక్ సైన్యం చేతికి పోయింది.

టర్కీలో ఇప్పుడు నడుస్తున్న గొడవ మాత్రం మళ్లీ లొసాన్ దగ్గరికే వస్తుంది. ప్రైవేటు వ్యవహారాల్లో, వ్యాపారంలో, పత్రికల్లో, సభల్లో ఏ పౌరుడైనా ఏ భాషైనా వాడుకోవచ్చని ఆ సంధి 39వ అధికరణం చెబుతోంది. దాని మీద టర్కీ సంతకం ఉన్నా, 1983 చట్టంతో కుర్దు భాషను నిషేధించారు. 1991లో గానీ అది రద్దు కాలేదు. 2012 నుంచి ప్రభుత్వ బడుల్లో కుర్దును ఐచ్ఛిక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అయితే టర్కిష్ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించరాదన్న 1982 రాజ్యాంగంలోని 42వ అధికరణం అలాగే ఉంది. కుర్దు అనుకూల పార్టీ మాతృభాషలో చదువు కావాలంటోంది. ప్రభుత్వం ముందు ఆయుధాల అప్పగింత పూర్తికావాలంటోంది.