బ్యాంకు వేలం ఇల్లు కొనడానికి డబ్బు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గృహ రుణాల దస్త్రాలు సిద్ధం చేయించడం నా వృత్తి. కరకంబాడి రోడ్డులోనో తిరుచానూరు వైపో బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇల్లు వేలానికి వచ్చిందని పత్రికలో చూసి, ధర అందుబాటులో ఉందన్న ఆశతో నా దగ్గరకు వచ్చేవారు చాలామందే ఉన్నారు. ఆ ఆశ తప్పు కాదు. డబ్బు గురించి వారు ఎక్కడెక్కడో విని వచ్చే మాటలే నన్ను కలవరపెడుతున్నాయి.

అపోహ: ముందు పాట దక్కించుకుంటే, ఆ కాగితం చూపించి నిదానంగా లోను తెచ్చుకోవచ్చు.

వాస్తవం: బాకీ తీరని రుణానికి తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలు కల్పించే సర్ఫేసీ చట్టం, 2002 కింద జరిగే వేలంలో నిదానానికి చోటు లేదు. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, 40 లక్షల రూపాయలు అనుకుందాం. ధరావతుగా సాధారణంగా పదో వంతు, అంటే 4 లక్షలు ముందే కట్టాలి. పాట 44 లక్షలకు మీకు దక్కితే, అందులో నాలుగో వంతు అయిన 11 లక్షలకు ధరావతు పోను తక్కువపడిన 7 లక్షలను అదే రోజు, లేదంటే మరుసటి పనిదినానికల్లా చెల్లించాలి. మిగిలిన 33 లక్షలకు గడువు అమ్మకం ఖరారైన నాటి నుంచి 15 రోజులు. ఆ గడువు తప్పితే కట్టిన 11 లక్షలూ జప్తు అవుతాయి. ఇలా 25 శాతం మొత్తాన్నీ జప్తు చేసుకోవడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు పాట ముగిశాక నా దగ్గరకు వచ్చారు. రుణం ఇవ్వాల్సిన బ్యాంకు న్యాయవాది అభిప్రాయం వచ్చేసరికి 19వ రోజయింది. ఆయన పోగొట్టుకున్నది పింఛను సొమ్ము కాబట్టి, ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

నిజానికి రుణం సిద్ధం చేసుకోవలసింది పాట తరువాత వచ్చే 15 రోజులలో కాదు, పాటకు ముందున్న రోజులలో. మొదటిసారి వేలానికి ప్రకటన వెలువడిన నాటి నుంచి కనీసం 30 రోజుల వ్యవధి ఉంటుంది. అది విఫలమై మళ్లీ వేలం వేస్తే 15 రోజులే. అసలు దస్తావేజులు వేలం వేసే బ్యాంకు దగ్గరే ఉంటాయి కనుక, ఆ వ్యవధిలోనే వేలం నిర్వహించే ఆ బ్యాంకు అధీకృత అధికారిని అడిగి నకళ్లు తీసుకోవాలి. సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) తీయించి, స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఎ నిషేధిత జాబితాలో లేదని, లేఅవుటుకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందని నిర్ధారించుకుని, మీకు రుణమిచ్చే బ్యాంకు న్యాయవాది చేతికి అవన్నీ అందించాలి. వేలం వేసే బ్యాంకే కొనుగోలుదారుకు రుణం ఇవ్వడమూ ఉంది. ముందు అక్కడే అడగడం మేలు.

అపోహ: గడువు పెంచుతామని మేనేజరు మాట ఇస్తే చాలు.

వాస్తవం: చాలదు. పొడిగింపు రాతపూర్వకంగా ఉండాలి, అదీ మూడు నెలలకు మించకూడదు.

అపోహ: లోను వస్తే చేతి డబ్బు పెద్దగా అక్కరలేదు.

వాస్తవం: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహ రుణం ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. ఆ లెక్కన పై ఉదాహరణలో 33 లక్షలు రావచ్చు గాని, బ్యాంకు నియమించిన మదింపుదారు ఇంటి విలువను పాట ధర కన్నా తక్కువగా కడితే రుణమూ తగ్గుతుంది. మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, 44 లక్షలపై అది 3 లక్షల 30 వేలు, దానిని మీరే భరించాలి. అంటే చేతిలో కనీసం 14 లక్షల 30 వేలు ఉండాలి.

అపోహ: బయట వడ్డీకి తెచ్చి కట్టేసి, తరువాత బ్యాంకు లోనుతో తీర్చేయవచ్చు.

వాస్తవం: ప్రకటనలో స్వాధీనం భౌతికమా (ఇల్లు నిజంగా బ్యాంకు చేతికి వచ్చిందా), సాంకేతికమా (సింబాలిక్, అంటే కాగితం మీద మాత్రమేనా) అన్నది చూడండి. సాంకేతికమే అయితే పాత యజమాని ఇంకా ఆ ఇంట్లోనే ఉండవచ్చు; జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వులతో ఖాళీ చేయించే వరకు అలాంటి ఇంటిపై రుణానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 33 లక్షలపై మాత్రం నెలకు 66 వేలు నడుస్తూనే ఉంటుంది. సొంత డబ్బు పూర్తిగా లేనివారిని అటువంటి పాటకు వెళ్లవద్దనే చెబుతాను.