మండె కట్టిన గింజ, మిద్దె మీద కోడి

పొద్దున్నే గుడ్డమూట పట్టుకుని నేను మెట్లెక్కుతుంటే చాలు, నాలుగు పెట్టలూ జాలీకి ముక్కులు ఆనించి నిలబడతాయి. మేత గిన్నె తెచ్చినప్పుడు ఇంత ఆత్రం ఉండదు. మూటలో ఉండేవి మొలకెత్తిన పెసలు, గోధుమలు. బెంగళూరు హోరమావులో మా మిద్దె మీద పెరుగుతున్న ఈ పెట్టలు గిరిరాజ రకం. ఆ రకం పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, హెబ్బాళ పశువైద్య కళాశాలలో.

నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ ఆ మూట చూడగానే, "ఇది మండె కట్టడమే కదమ్మాయ్! మరీ బిగించి కట్టబాక, ఉడికిపోతాయి" అంది. వడ్లు ఒక రోజు నానబోసి, గోనెసంచిలో మూట కట్టి, ఇంకో రోజు ఉంచి నారుమడిలో చల్లడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసిన పని. మండెలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అది ఎండ వేడి కాదు, గింజల వేడి. నీళ్లు తాగిన గింజ గట్టిగా ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది, దాచుకున్న పిండిని కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటుంది. మూటలో గాలి ఆడకపోతే ఆ వేడికి మొలకే చచ్చిపోతుంది.

ఆ వెచ్చదనంలోనే అసలు లెక్క ఉంది. వంద గ్రాముల పెసలు మొలకెత్తించి తూస్తే రెండు వందలు దాటుతాయి. చూసేవాళ్లకు మేత రెండింతలైనట్టే ఉంటుంది. కానీ పెరిగిందంతా నీళ్లే. ఆ మొలకల్ని బాగా ఎండబెట్టి తూచండి, మొదట పోసిన వందకన్నా తక్కువే వస్తాయి. తగ్గినంతా బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోయింది. మేత ఖర్చు తగ్గుతుందని మొలకలు పెట్టేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి: తగ్గదు.

మరి ఎందుకు పెట్టాలి? ఎండు గింజలో తాళం వేసి ఉన్నవి కొన్ని మొలకలో తెరుచుకుంటాయి కాబట్టి. తడి తగలగానే గోధుమ గింజలోని పిల్లమొక్క జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను బయటికి పంపుతుంది. అది పొట్టు కింది పొరకు చేరి, అక్కడ అమైలేజ్ ఎంజైమ్‌ను తయారు చేయిస్తుంది. అమైలేజ్ పిండిని చక్కెరగా విడగొడుతుంది. రెండో రోజు గోధుమ మొలక నోట్లో వేసుకుని నమిలితే తియ్యగా ఉండేది అందుకే. రాగి మాల్ట్‌లోని తీపి వెనక ఉన్నదీ ఈ పనే. ఈ హార్మోన్ సంగతి మొదట తెలిసింది వరి తెగులు వల్ల. జపాన్‌లో కొన్ని వరి మొక్కలు పిచ్చిగా పొడవు పెరిగి పడిపోతుంటే, దానికి కారణం ఒక బూజు విడుదల చేసే పదార్థమని 1926లో కురొసావా చూపించాడు. 1935లో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు.

రెండో తాళం భాస్వరానిది. గింజలోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ కోడి పేగుల్లో చాలా తక్కువ, అందుకే చాలా భాగం రెట్టలో పోతుంది. పోతూ పోతూ జింకు, ఇనుము లాంటివాటినీ పట్టుకుపోతుంది. మొలకెత్తే గింజ తన అవసరం కోసం తానే ఫైటేజ్‌ను తయారుచేసుకుంటుంది. కోళ్ల మేత కంపెనీలు విడిగా కొని కలిపేదీ ఇదే ఎంజైమ్. మొలకల్లో విటమిన్ సి ఉంటుందని మనకోసం గొప్పగా చెప్పుకుంటాం కానీ కోడికి దాంతో పెద్ద పని లేదు. తన మూత్రపిండాల్లోనే అది దాన్ని తయారుచేసుకుంటుంది.

బియ్యం మాత్రం ఎంత నానబెట్టినా మొలకెత్తవు. మరపట్టినప్పుడే మొలక భాగం తవుడుతో పాటు పోతుంది. దాంతో పాటే బి1 విటమిన్ కూడా పోతుందని లోకానికి తెలియడానికి దారి చూపింది కోళ్లే. 1890లలో జావాలో డచ్ వైద్యుడు ఐక్‌మన్ దగ్గర, తెల్లటి అన్నం తిన్న కోళ్ల కాళ్లు చచ్చుబడ్డాయి. ముడిబియ్యానికి మార్చగానే కోలుకున్నాయి. బి1 లోపం వల్ల మనుషులకు వచ్చే బెరిబెరి జబ్బు గుట్టు అలా విప్పినందుకు ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది.

ఎంత పెట్టాలంటే, రోజు మేతలో పదో వంతు దాటకూడదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. ఒక్క గుడ్డు పెంకుకే రెండు గ్రాముల కాల్షియం కావాలి, అది మొలకల్లో ఉండదు. కడుపు మొలకలతో నింపితే గుడ్ల కోళ్ల కోసం కాల్షియం కలిపి చేసే లేయర్ మేత తినడం తగ్గి పెంకు పలచబడుతుంది. అందుకే నాలుగు పెట్టలకూ కలిపి నేను వేసేది చిన్న దోసెడు, అదీ మేత తిన్నాక.

ఇక బూజు సంగతి. మొదట్లో ఒకసారి గోధుమ మొలకల వేళ్ల చుట్టూ తెల్లటి నూగు చూసి, బూజు పట్టిందని పళ్లెమంతా పారబోశాను. అది బూజు కాదు, వేళ్ల నూగు. దగ్గరగా పెట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. వేళ్ల నూగు వేరును మాత్రమే పట్టుకుని, దూది పూసినట్టు చుట్టూ సమంగా ఉంటుంది. నీళ్లు చిలకరిస్తే వేరుకు అతుక్కుని కనపడకుండా పోతుంది. బూజు ఒక గింజ నుంచి ఇంకో గింజకు సాలెగూడులా అల్లుకుంటుంది, నీళ్లకు పోదు, ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఆ వాసన వస్తే కడిగి వాడదామనుకోవద్దు. కొన్ని బూజుల విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కొన్నిటి బీజాలు ఊపిరితిత్తుల్లో పాతుకుపోతాయి. జూలై, ఆగస్టు ముసురు రోజుల్లో గింజల్ని మూడు పూటలా కడిగి, చిల్లుల గిన్నెలో పలచగా పరుస్తాను. డిసెంబరు చలికి మొలక రావడానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది, తొందరపడి లాభం లేదు.

గింజలు కిరాణా కొట్లోనే కొనండి, విత్తనాల దుకాణంలో వద్దు. విత్తనాలకు రంగుతో పాటు థైరం లాంటి బూజు మందులు పట్టిస్తారు. థైరం తిన్న కోడికి కాళ్ల ఎముకలు వంకర పోతాయి, పెంకు లేని గుడ్లు వస్తాయి. రాజ్మా మొలకలు పచ్చివి పెట్టకూడదు. జొన్నలు అసలే మొలకెత్తించవద్దు. లేత జొన్న మేసి పశువులు చచ్చిపోవడం మన రైతులకు తెలిసిందే. ఆ మొలకలోని ధురిన్ నుంచి సైనైడ్ పుడుతుంది.

గోధుమల్ని మాత్రం కొన్ని వారం రోజులు వెలుతురులో ఉంచి గడ్డిలా పెంచుతాను. ఆ పచ్చదనంలోని లూటిన్ పచ్చసొనకు చేరుతుంది; అట్టు వేసినప్పుడు రంగులో తేడా కనిపిస్తుంది. పొడుగు గడ్డి మాత్రం కోడి మెడ కింద మేత సంచిలో ఉండకట్టి అడ్డుపడుతుంది. అందుకే అమ్మ ఉన్నన్నాళ్లూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, కత్తెరతో దాన్ని అంగుళం ముక్కలుగా కత్తిరించి వేసేది. నాలుగు పెట్టలూ ఆమె పాదాల దగ్గరే కాచుకుని, ముక్కలు నేలకు జారకముందే అందుకునేవి.