మూడు రెక్కల గుర్తు ఎవరికి తెలుసు?

రేడియోధార్మికతను సూచించే మూడు రెక్కల గుర్తు 1946లో అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రేడియేషన్ ప్రయోగశాలలో పుట్టింది. అక్కడ పనిచేసేవారికి దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. బయటివారికి అది ఫ్యాను రెక్కల్లా కనిపిస్తే మాత్రం వారిని తప్పుపట్టలేం. ఆ ఆకారంలో ప్రమాదాన్ని స్ఫురింపజేసేది ఏదీ లేదు.

1987లో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో, ఖాళీ చేసిన ఒక క్యాన్సర్ చికిత్సాలయంలో వదిలేసిన యంత్రం నుంచి ఇద్దరు వ్యక్తులు కొంత భాగం ఊడదీసి పాత ఇనుప సామాను కొట్టుకు అమ్మారు. లోపలున్న సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం చీకట్లో నీలంగా మెరుస్తుంటే కొట్టు యజమాని ముచ్చటపడి అయినవాళ్లకు పంచిపెట్టాడు. నలుగురు మరణించారు. 2000లో థాయ్‌లాండ్‌లో కోబాల్ట్-60 అనే మరో రేడియోధార్మిక పదార్థం కూడా ఇలాగే పాత సామాన్ల వారి చేతికి చిక్కి ముగ్గురిని బలిగొంది.

అప్పుడు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త గుర్తు కోసం నిపుణులతో సరిపెట్టుకోకుండా మామూలు జనం దగ్గరకు వెళ్లింది. అయిదేళ్లపాటు సాగిన ఆ పనిలో భారత్‌తో సహా 11 దేశాల్లో, వేర్వేరు వయసులు, చదువులు ఉన్న 1,650 మందికి నమూనాలు చూపించి పరీక్షించారు. 2007లో విడుదలైన గుర్తులో ఎర్రని త్రిభుజం మీద కిరణాలు చిమ్మే మూడు రెక్కలు, పుర్రె-ఎముకలు, పారిపోతున్న మనిషి ఉంటాయి. బొమ్మగా చూస్తే ఇరుకుగానే ఉంది. కానీ ప్రమాదం ఉందని చెప్పి ఊరుకోకుండా, ఏం చేయాలో కూడా చెబుతుంది గనుక ఆ ఇరుకును క్షమించవచ్చు.

ఇలాంటి పరీక్షలో ‘దీని అర్థం ఇదేనా?’ అని అడిగితే చాలామంది మర్యాదకైనా అవునంటారు. అందుకే ఎక్కడ కనిపిస్తుందో మాత్రం చెప్పి, చూసినవారి సొంత మాటల్లోనే జవాబు రాబట్టాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం హెచ్చరిక గుర్తును కనీసం 85 శాతం మంది సరిగా గ్రహించాలి. ప్రమాదకరంగా తలకిందులుగా అర్థం చేసుకునేవారు 5 శాతానికి మించకూడదు. నా దృష్టిలో ఈ రెండో షరతే ముఖ్యం. గర్భిణులకు నిషిద్ధమైన కొన్ని మందులపై, గర్భవతి బొమ్మను అడ్డగీతతో కొట్టివేసిన గుర్తు వేసేవారు. దాన్ని చూసి అది గర్భం రాకుండా చేసే మందు అనుకున్నవారు ఉన్నారు. అర్థం కాని గుర్తును చూసినవారు కనీసం ఎవరినైనా అడుగుతారు, అర్థమైందనుకున్నవారు అడగరు.

అన్ని గుర్తులూ చూడగానే బోధపడాలన్న నియమమూ లేదు. 1966లో డౌ కెమికల్ సంస్థలో జీవప్రమాద చిహ్నాన్ని, అంటే రోగకారక క్రిముల వంటివాటి గురించి హెచ్చరించే గుర్తును ఎంచుకున్నప్పుడు, జనానికి ఏ అర్థమూ తోచని, వారం తర్వాత చూపినా గుర్తుపట్టగలిగే ఆకారాన్నే పరీక్షలతో వెతికి పట్టుకున్నారు. ప్రయోగశాల సిబ్బందికి దాని అర్థం నేర్పవచ్చు గనుక అక్కడ ఆ ఎంపిక చెల్లింది. పాత ఇనుము ఏరుకునేవారికి అలా నేర్పేదెవరు?

ఎర్ర త్రిభుజాన్ని గది తలుపుల మీద అతికించరు. రేడియోధార్మిక పదార్థం ఉంచిన పరికరంపై, మామూలు వాడకంలో కనబడకుండా, విప్పబోయేవారికే కనిపించేలా పెట్టాలన్నది ఉద్దేశం. అయితే పాత యంత్రాలపైకి అది తనంతట తానే వచ్చి చేరదు. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత సామాన్ల బజారులో ఒకరి ప్రాణం తీసిన కోబాల్ట్-60, ఒక విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా వాడకుండా పడి ఉండి చివరకు వేలంలో అమ్ముడుపోయిన పరికరంలోనిది.