మాంద్యం ముగియకముందే లేచే మార్కెట్

2009 మార్చి 9న అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ 676 దగ్గర ముగిసింది. 2007 అక్టోబరులో అదే సూచీ 1,565. అంటే సగానికి పైగా విలువ కరిగిపోయింది. నెలనెలా లక్షల ఉద్యోగాలు ఊడుతున్నాయి, ఏ పత్రిక తిరగేసినా చెడు కబురే. తీరా చూస్తే మార్కెట్ అట్టడుగును తాకింది ఆ రోజే. మర్నాటి నుంచే అది లేవడం మొదలుపెట్టింది.

మాంద్యం మాత్రం జూన్ దాకా సాగింది. నిరుద్యోగిత అక్టోబరులో 10 శాతానికి చేరింది. మాంద్యాల మొదలూ తుదీ తేల్చే ఎన్‌బీఈఆర్ అనే సంస్థ 'అది నిరుడు జూన్‌లోనే ముగిసింది' అని ప్రకటించేసరికి 2010 సెప్టెంబరు వచ్చింది. ఆ ప్రకటన కోసం ఆగిన మదుపరి ఏడాదిన్నర లాభాన్ని వదులుకున్నట్టే. ఈ నాలుగు తేదీలనూ వరసగా పెట్టి చూడటం ఎన్ని సిద్ధాంతాలు చదివినా రాని తెలివినిస్తుందని నా నమ్మకం.

మార్కెట్ ఎందుకలా ముందు నడుస్తుంది? షేరు ధర అంటే కంపెనీ రాబోయే ఏళ్లలో గడించే లాభాలకు ఇవాళ కట్టే వెల. కాబట్టి ధర లేవడానికి మంచి రోజులు వచ్చేయనక్కర్లేదు. 'ఇంకా దిగజారుతుంది' అన్న అంచనా 'ఇంతకన్నా దిగజారదు' అన్నచోటికి వస్తే చాలు. ఉద్యోగాల సంగతి దీనికి తలకిందులు. గిరాకీ పెరిగినా యజమాని ముందు ఉన్నవాళ్లతోనే ఎక్కువ గంటలు పనిచేయిస్తాడు. ఆ గిరాకీ నిలుస్తుందన్న ధీమా కుదిరాకే కొత్తవాళ్లను తీసుకుంటాడు.

వడ్డీ రేటు పాత్ర మరీ పెద్దది. పదేళ్ల తర్వాత అందే లాభం 100 అనుకుందాం. 5 శాతం వడ్డీ లెక్కన దాని నేటి విలువ సుమారు 61. 8 శాతం లెక్కన 46. అంటే వడ్డీ పెరిగితే చాలు, కంపెనీలో ఏమీ మారకపోయినా ధర పడిపోవచ్చు.

స్వల్పకాలిక బాండ్ల (ప్రభుత్వ అప్పు పత్రాల) రాబడి దీర్ఘకాలిక బాండ్ల రాబడిని మించితే మాంద్యం వస్తుందంటారు. 2006లో అమెరికాలో అలాగే మించింది, 2007 చివర్లో మాంద్యం మొదలైంది. 2022లోనూ మించింది, ఆ తర్వాత రెండేళ్లు గడిచినా మాంద్యం రాలేదు.

ఈ ఎగుడుదిగుళ్లను 'ఆర్థిక చక్రం' అంటుంటారు. అసలు ఆ 'చక్రం' అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చక్రానికి చుట్టుకొలత మారదు. ఆర్థిక వ్యవస్థ అలా కాదు. 2009 జూన్‌లో మొదలైన అమెరికా విస్తరణ, అంటే ఆర్థిక వ్యవస్థ ఎదిగే దశ, 128 నెలలు సాగింది. దాని వెనకే వచ్చిన 2020 మాంద్యం రెండే నెలలు.

ఇక జపాన్ షేర్ల సూచీ నిక్కీ. 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసిన ఆ సూచీ మళ్లీ ఆ అంకెను దాటింది 2024 ఫిబ్రవరిలో. ఈ 34 ఏళ్లలో జపాన్ ఎన్నోసార్లు మాంద్యంలో పడి లేచింది, అక్కడి కంపెనీలు మంచి లాభాలూ చూశాయి. కానీ 1989లో కొన్నవాళ్లు ఆ లాభాల కన్నా ఎంతో ఎక్కువ వెల అప్పటికే కట్టేశారు.